లేకపోతే ఏం చేసేవాళ్లం? ఇంటి నిర్ణయాలకు ఎకనామిక్స్ వాడుకునే పద్ధతి

మా నాయన కోవూరు దగ్గర మూడెకరాల్లో వరి పండించేవాడు. వడ్లు అమ్మిన రోజు రాత్రి అరుగు మీద కూర్చుని లెక్క చూసుకునేవాడు. ఎరువులకు ఇంత, ట్రాక్టరుకు ఇంత, కూలోళ్లకు ఇంత, కోత మిషనుకు ఇంత. అన్నీ పోగా మిగిలింది పైకి చదివి "ఈ ఏడు బయటపడ్డాం" అనేవాడు. తాను మడవ దగ్గర నీళ్లకు కాపలా కాసిన రాత్రిళ్లు ఆ లెక్కలో ఉండేవి కావు. అమ్మ నాటేసిన రోజులూ ఉండేవి కావు. ఆ పొలం కౌలుకిచ్చి ఉంటే ఎంత వచ్చేదో కూడా ఉండేది కాదు. నేను ఎకనామిక్స్ చదివి, కావలిలో డిగ్రీ పిల్లలకు అదే పాఠం చెప్పే పనిలో పడ్డాక గానీ ఆ లెక్కలో ఏం లేదో నాకు కనపడలేదు.

దాన్ని మేం క్లాసులో అవకాశ వ్యయం అంటాం. ఒక దారిన పోతే, వదిలేసిన రెండో దారిలో చేతికొచ్చేది ఎంతో, అదే మీరు నడిచిన దారికి అసలు ధర. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇంట్లో వాడుకుంటే మాత్రం అప్పు, పొలం, చదువు, బండి, పెళ్లి ఖర్చు అన్నింటికీ పనికొస్తుంది. ఎలా వాడాలో మా ఇంట్లో చేసుకుంటున్న పద్ధతిలోనే చెప్తాను.

వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్లో కాలిక్యులేటర్ ఎలాగూ ఉంది. ప్రతి చిన్నదానికీ పుస్తకం తెరవద్దు, ఆలోచించడానికి పట్టే పొద్దు కూడా ఖర్చే. మేం పెట్టుకున్న హద్దు ఇది: ఐదు వేలు దాటే ఖర్చు, నెల రోజులు దాటే పని, సంతకం పెట్టాల్సిన కాగితం. ఈ మూడింట్లో ఏది ఎదురైనా పుస్తకం తీస్తాం.

1. ఎడమ పేజీలో అనుకున్నది, కుడి పేజీలో లేకపోతే చేసేది

చేయాలనుకున్న పని ఎడమ పేజీలో రాయండి. అది చేయకపోతే అదే డబ్బుతో, అవే రోజుల్లో, అదే చోట మీరు నిజంగా ఏం చేస్తారో కుడి పేజీలో రాయండి. "నిజంగా" అనే మాట దగ్గర ఆగండి. బండి కొనకపోతే ఆ డబ్బు బ్యాంకులో వేస్తాననడం తేలిక. పోయిన రెండేళ్లలో మిగిలిన డబ్బు ఎటు పోయిందో గుర్తు చేసుకుని రాయండి.

పొలం సంగతే వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలు 2,300, అంటే పుట్టి 19,550. తేమ 17 శాతం దాటిందంటే కొనుగోలు కేంద్రంలో దిగదు, కల్లం దగ్గర వచ్చిన ధరకు ఇవ్వాల్సి వస్తుంది. పుట్టికి 17,000 చేతికొచ్చిందనుకుందాం. ఎకరాకు మూడున్నర పుట్లయితే 59,500. పెట్టుబడి 36,000 పోతే మిగిలేది 23,500. మా నాయన అరుగు మీద చదివే అంకె ఇదే.

ఇప్పుడు కుడి పేజీ. కౌలుకిస్తే ఎకరాకు 15,000 వస్తుంది. మీరు ఆ ఎకరా మీద పెట్టిన పని ఇరవై రోజులు, బయట రోజుకు 500 దొరుకుతుంది, అంటే 10,000. మొత్తం 25,000. అంటే ఎడమ పేజీలో 23,500 లాభంలా కనపడింది కాస్తా 1,500 తక్కువని తేలింది.

తక్కువ వచ్చిందని సేద్యం మానేయమని నేను చెప్పను. రెండు సంగతులు చూడండి. ఆ ఇరవై రోజుల్లో మీకు బయట పని దొరికే మాటే లేకపోతే 10,000 కొట్టేయాలి, అప్పుడు సొంత సేద్యమే 8,500 ఎక్కువ. కుడి పేజీలో దొరకని కూలి రాస్తే లెక్క ఎటు కావాలంటే అటు వంగుతుంది. రెండోది, సొంత వడ్లు తినాలనీ, నాయన చేసిన పొలం మన చేతుల్లోనే ఉండాలనీ మీకుంటే, ఏడాదికి 1,500 దానికి కడుతున్నామని తెలిసి కట్టండి. నేనైతే సంతోషంగా కడతాను. తెలియకుండా కట్టడమే నాకు బాధ.

రోజులకు ధర ఉంటుందన్న సంగతిని గ్యారీ బెకర్ అనే అమెరికా ఎకనామిస్టు 1965లో పద్ధతిగా చూపించాడు. ఇంట్లో వండుకునే అన్నానికి బియ్యం ఖరీదు ఒక్కటే కాదు, వండేవాళ్ల పొద్దు కూడా ఖరీదేనన్నాడు. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో పెళ్లి బట్టలకు చెన్నై టీ నగర్ పోయేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. చీరలో వెయ్యి తక్కువని ఆరుగురు బయలుదేరతారు. రైలు, ఆటోలు, భోజనాలు, ఇద్దరికి ఆ రోజు జీతం కోత, మర్నాడు ఒళ్లు నొప్పులు. ఇవన్నీ కుడి పేజీలో రాసి చూసి, ఆ తర్వాత కూడా పోవాలనిపిస్తే ఆ సరదాకే పోండి. పెళ్లికి ముందు అందరూ కలిసి పోయే ప్రయాణానికి విలువుంది, దాన్ని చీర ధరలో వెతక్కండి.

ఇక్కడే ఇంకో చిన్న తప్పు దొర్లుతుంది. 1,500 మిక్సీ పక్క వీధిలో 1,200కు దొరుకుతుందంటే నడిచి వెళ్తాం. 40,000 ఫ్రిజ్ అదే పక్క వీధిలో 39,700 అంటే "మూడొందలకెవరు పోతారు" అంటాం. నడక ఒకటే, మూడొందలూ ఒకటే. కానేమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1981లోనే ఇలాంటి ప్రశ్నలు జనాన్ని అడిగి ఈ తేడా చూపించారు. పుస్తకంలో శాతాలు రాయకండి, రూపాయలు రాయండి.

2. అడ్డంగా గీత గీయండి, పోయిన డబ్బు గీతకు పైనే ఉండాలి

ఈ మెట్టు నేర్చుకోవడానికి మా ఇంటికి చాలా ఖర్చయింది.

మా తమ్ముడు అల్లూరు వైపు రొయ్యల గుంట కౌలుకు తీసుకున్నాడు, వనామీ రకం. నేనూ కొంత డబ్బు పెట్టాను. డెబ్బై రోజులు బాగానే పెరిగాయి. ఒకరోజు పక్క గుంటలో తెల్లమచ్చ జబ్బు వచ్చిందని తెలిసింది. మర్నాడు తెల్లారి మా చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తితే మేత వేసింది వేసినట్టే ఉంది. అంతకుముందు రోజు అదే ట్రే గంటన్నరలో ఖాళీ అయ్యేది. అడుగున ఒక రొయ్యను తీసి తలపెంకు వెలుతురుకు పెట్టి చూశాం. బియ్యపు నూకంత చుక్కలు రెండు మూడు, ఉన్నాయా లేవా అన్నట్టు. మా తమ్ముడు దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. "ఈ రోజే రొయ్యలు పట్టించి అమ్మేద్దాం రా" అన్నాను.

"పదకొండు లక్షలు పోసినాం అన్నా. ఇప్పుడు పట్టిస్తే సగం కూడా రాదు. ఎట్టా వదిలేది?"

నేను రోజూ క్లాసులో చెప్పే పాఠం నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆ పదకొండులో నా డబ్బూ ఉంది. ఇంకో ఎనిమిది రోజులు మేత వేశాం, మందులు పోశాం, ఏరేటర్లు రాత్రంతా తిప్పాం. తొమ్మిదో రోజు రొయ్యలు గట్టు వెంబడి తేలాయి. వచ్చిన ధరకు ఇచ్చేశాం. మొదటి రోజు పట్టించి ఉంటే వచ్చేదాంట్లో మూడో వంతు కూడా రాలేదు.

ఆ పదకొండు లక్షలు ఆ తెల్లారి నాటికే పోయినవి. పట్టించినా తిరిగి రావు, ఆగినా రావు. రెండు దారుల్లోనూ ఒకేలా ఉండే అంకె ఏదైనా సరే నిర్ణయంలోకి రాకూడదు. అందుకే పేజీకి అడ్డంగా గీత గీయండి. ఈ నిమిషం దాకా పెట్టిందంతా గీతకు పైన. కింద మాత్రం ఇక ముందు పెట్టేదీ, ఇక ముందు వచ్చేదీ. ఆ తర్వాత ఒక ప్రశ్న: "ఈ గుంటను ఇప్పుడున్న రొయ్యలతో సహా ఎవరో నాకు ఊరికే ఇస్తే, రేపు మేత వేస్తానా, ఈ రోజే పట్టిస్తానా?" ఊరికే వచ్చిన గుంట అనుకోగానే చెయ్యి తేలికవుతుంది. రెండేళ్లు కూర్చుని నచ్చని కోర్సు చదువుతున్న పిల్లలకూ, ఆగిపోయిన ఇంటి పునాది మీద ఇంకా పోస్తున్నవాళ్లకూ ఇదే ప్రశ్న పనికొస్తుంది.

జబ్బు లేనప్పుడు ఇంకో రకం తికమక ఉంటుంది: ఇప్పుడు పట్టించాలా, ఇంకో పది రోజులు ఆగాలా? దీనికి గుంట మొత్తం లెక్క వేయకండి, ఆ పది రోజుల లెక్క మాత్రం వేయండి. ఉదాహరణకు గుంటలో 3 టన్నులున్నాయి, వంద కౌంట్, అంటే కిలోకు వంద చొప్పున 3 లక్షల రొయ్యలు. కిలో 240 ధరకు 7,20,000 వస్తుంది. పది రోజులాగితే ఎనభై కౌంట్ అవుతుంది, నూటికి అయిదు చస్తాయి. 2,85,000 రొయ్యలు, ఒక్కోటి పన్నెండున్నర గ్రాములు, బరువు 3,562 కిలోలు. ఎనభై కౌంట్ ధర 260 అయితే 9,26,000. పైన వచ్చేది 2,06,000. ఆ పది రోజుల మేత 900 కిలోలు, కిలో 90 చొప్పున 81,000. కరెంటు, డీజిలు, మనుషులు 30,000. మిగులు 95,000.

ఇంతవరకు అందరూ వేస్తారు. తర్వాత వరుస ఎవరూ రాయరు. ఆ పది రోజుల్లో జబ్బు తగిలితే? సగం పోతుంది, 3,60,000. అప్పటికి పెట్టిన ఖర్చు ఇంకో 50,000. మొత్తం 4,10,000 నష్టం. ఇప్పుడు మీ గుంట లాంటివి అయిదు ఊహించుకోండి. నాలుగింట్లో బాగా జరిగితే 3,80,000 వస్తుంది, ఒక్కదాంట్లో జబ్బొస్తే 4,10,000 పోతుంది. అంటే "ఇలాంటి అయిదు గుంటల్లో ఒకదానికి తగలొచ్చు" అని మీ లోపల అనిపిస్తే ఈ రోజే పట్టించడం నయం. ఇరవైలో ఒకటే అనిపిస్తే ఆగండి. పక్క గుంటల్లో ఏం జరుగుతుందో, నీళ్లు ఏ కాలువ నుంచి వస్తున్నాయో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ తెలిసినదాన్ని "అయిదింట్లో ఎన్ని" అని అంకెగా మార్చడమే ఇక్కడ మీరు చేయాల్సింది. ఇప్పుడు మా తమ్ముడు ఇదే రాసి గుంట దగ్గర షెడ్డులో అంటించాడు.

3. వడ్డీలన్నీ నూటికి ఎన్ని రూపాయలో ఆ భాషలోకి మార్చండి

బ్యాంకు ఏడాది శాతంలో చెప్తుంది, చీటీవాళ్లు పాటలో చెప్తారు, మేత కొట్టువాళ్లు బస్తా ధరలో చెప్తారు, రోజువారీ ఫైనాన్సువాళ్లు రోజుకు వంద అంటారు. ఎవరి భాష వాళ్లది కాబట్టే ఒకదానితో ఒకటి పోల్చలేం. మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన భాష ఒకటుంది: నూటికి నెలకు ఎన్ని రూపాయలు. అన్నింటినీ అందులోకి తిప్పండి.

బ్యాంకు శాతాన్ని పన్నెండుతో భాగిస్తే చాలు. ఏడాదికి 9 శాతానికి బంగారం మీద అప్పు అంటే నూటికి ముప్పావలా.

మేత అప్పు: నగదుకు బస్తా 2,200, రొయ్యల పట్టుబడి అయ్యాక ఇస్తామంటే 2,400 అనుకోండి. రెండొందలే కదా అనిపిస్తుంది. 2,200 మీద నాలుగు నెలలకు 200, అంటే నూటికి రెండుంపావలా. పైగా పట్టుబడి వాళ్లు చెప్పినవాళ్లకే ఇవ్వాలన్న షరతుంటే, ధరలో పోయేది కూడా ఇందులోకే కలపాలి.

రోజువారీ ఫైనాన్సు మీద కొంచెం నిదానంగా చూడండి, ఎందుకంటే ఒంగోలు బండ్ల దగ్గర కూరగాయలమ్మే ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. 10,000 అప్పు, ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యికి మించి వడ్డీ లేదక్కా" అంటారు. పదివేలకు వెయ్యి, మూడు నెలల పైన, నూటికి మూడే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు. యాభయ్యో రోజుకు సగం కట్టేశారు. వంద రోజులూ కలిపి చూస్తే ఆమె చేతిలో సగటున ఉన్నది 4,500 దగ్గరే. ఆ 4,500కు వంద రోజుల్లో వెయ్యి కట్టింది. ఇది నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ.

అయినా ఆమె తెలివితక్కువది కాదు. తెల్లారి సరుకు కొనడానికి 9,000 లేకపోతే ఆ రోజు వ్యాపారమే లేదు. ఆమె కుడి పేజీలో సున్నా ఉంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే సలహా చెప్పకండి, కుడి పేజీలో ఇంకో దారి పెట్టండి: పొదుపు సంఘం అప్పు, బంగారం మీద బ్యాంకు అప్పు, లేదా మీరే నాలుగు నెలలకు ఇచ్చే 9,000.

చీటీ సంగతి కొద్దిగా. పాట పాడుకున్న రోజు నుంచి అది అప్పు, పాడనంతవరకు పొదుపు. అవసరం లేనప్పుడు కోతకు ఒప్పుకుని పాడితే అప్పు కొని ఇంట్లో పెట్టుకున్నట్టే. 1982 చీటీల చట్టం కింద రిజిస్టరైనదా అని ముందు అడగండి. 2019 సవరణ తర్వాత నిర్వాహకులు తీసుకునే కమిషన్ 7 శాతం మించకూడదు.

4. ఎదుటివాళ్ల పేజీ కూడా రాయండి

సలహా ఇచ్చేవాళ్ల పేరు రాసి కింద రెండు వరుసలు: నేను ఈ మాట వింటే ఈయనకు ఏం వస్తుంది, వినకపోతే ఏం వస్తుంది? స్థలం అమ్మించే మధ్యవర్తికి నూటికి రెండు కమిషన్ అయితే, మీకు ఇంకో యాభై వేలు తగ్గించడంలో ఆయనకు పోయేది వెయ్యి, కానీ బేరం చెడితే మొత్తం పోతుంది. కాబట్టి "ఈ రోజే అడ్వాన్సు ఇచ్చేయండి" అనడం ఆయన పేజీలో సరైన మాటే. మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, ఆయన పేజీ వేరే.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌లో బస్తా మూతి దగ్గర కనపడే కాయే అడుగున కూడా ఉందా అని కొనేవాళ్లు చెయ్యి పెట్టి చూస్తారు. చూడనివ్వకపోతే ఏమవుతుందో 1970లో అమెరికా ఎకనామిస్టు జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల మీద చెప్పాడు. ఆయన దేశంలో చెడిపోయిన కారును "నిమ్మకాయ" అంటారు. మంచీ చెడూ విడదీయలేని కొనుగోలుదారు నడిమధ్య ధర చెప్తాడు. మంచి సరుకున్నవాళ్లు ఆ ధరకు ఇవ్వక వెనక్కి పోతారు. మిగిలిన సరుకులో చెడ్డదే ఎక్కువ, ధర ఇంకా దిగుతుంది. పాత ట్రాక్టరు, పాత బైకు, పాడి గేదె కొనేటప్పుడు "మా మెకానిక్‌కు ఒకసారి చూపిస్తాను", "రెండు పూటలు నేను పిండి చూస్తాను" అనండి. సరేనంటే మంచిది. ఒప్పుకోకపోతే మీకు కావాల్సిన సమాచారం వచ్చేసింది. మీరే అమ్మేవాళ్లయితే, అడక్కముందే చూడమనండి. మంచి సరుకుకు మంచి ధర రావడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

5. నిరుటి ధర పేజీలో రాయకండి

టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకు బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. ధర నచ్చక బేళ్లు తిప్పుకుని పోయే రైతును చాలాసార్లు చూశాను. ఒక్కోసారి అది సరైన పనే. కానీ ఎందుకు తిప్పుకున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పేది "నిరుడు ఇదే గ్రేడు ఎక్కువ పలికింది" అని. కానేమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించింది ఇదే: మనసు ఒక అంకెను పట్టుకుని, దానికి తగ్గిందంతా నష్టంగా చూస్తుంది. ఆ నష్టం బాధ, అంతే లాభం ఇచ్చే సంతోషం కంటే దాదాపు రెండింతలని 1992లో వాళ్లే అంచనా వేశారు.

ఇలా అడగండి: "నా దగ్గర బేళ్లు లేవు, డబ్బుంది. ఈ రోజు ధరకు ఈ బేళ్లు కొని రెండు నెలలు దాస్తానా?" కొనను అనిపిస్తే అమ్మేయడమే నయం. ఆగాలనిపిస్తే ఆగుడు ఖర్చు వేయండి. పది బేళ్లు, 1,200 కిలోలు, కిలో 220 అయితే 2,64,000. నూటికి రెండు చొప్పున రెండు నెలల వడ్డీ 10,560. కిలోకు దాదాపు తొమ్మిది రూపాయలు. ధర 229 దాటాక గానీ మీకు రూపాయి మిగలదు, ఈలోపు బరువు, రంగు తగ్గితే అదీ పోతుంది. వచ్చే ఏడు ఏం వేయాలన్న నిర్ణయానికీ నిరుటి ధర చెడ్డ సలహాదారే. అదే ధర ఊరంతా చూసింది.

6. మంచి పని దగ్గరికి, చెడ్డ అలవాటు దూరంగా జరపండి

ఇక్కడిదాకా లెక్క. కానీ లెక్క తెలిసినంత మాత్రాన చేయం. జీతం వచ్చిన రోజు దాచాలనుకున్నది ఇరవయ్యో తేదీకి ఉండదు. ఈ నెల దగ్గరగా, వచ్చే ఏడు దూరంగా కనపడటం మనుషులందరికీ ఉన్నదే.

దీనికి మందు మన జిల్లాలోనే దొరికింది. కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు రోశమ్మ ముందుండగా 1990ల మొదట్లో సారా కొట్టు ఎత్తేయించారు. ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఎకనామిక్స్ కళ్లతో చూస్తే వాళ్లు చేసిన పనిలో గొప్ప తెలివి ఉంది. తాగొద్దని ఒక్కొక్కరినీ బతిమాలే బదులు, కూలి డబ్బులు చేతిలో పడే చోటికీ సారా దొరికే చోటికీ మధ్య దూరం పెంచారు. తర్వాత అదే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి వచ్చింది: రోజుకు ఒక్క రూపాయి, పదిమంది కలిసి. రూపాయి కాబట్టి నొప్పి లేదు, తోటివాళ్లు చూస్తున్నారు కాబట్టి ఆగదు, పెట్టె ఇంట్లో ఉండదు కాబట్టి తీయలేరు. పొదుపు నిలబడటానికి ఈ మూడూ కావాలి.

మీ ఇంట్లో ఎలా చేయాలంటే: జీతం పడిన మర్నాడే దానంతట అదే కట్ అయ్యేలా రికరింగ్ డిపాజిట్ పెట్టండి, ఆ పాస్‌బుక్ అక్క దగ్గరో వదిన దగ్గరో ఉంచండి. బీపీ మాత్రలు మందుల డబ్బాలో కాదు, కాఫీ పొడి డబ్బా పక్కన పెట్టండి. చిన్న ఆకర్షణ కూడా పనిచేస్తుంది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా పల్లెల్లో బెనర్జీ, డఫ్లో అనే ఎకనామిస్టులు, మరికొందరు కలిసి చేసిన పరిశోధనలో, టీకాలన్నీ పడిన పిల్లలు మామూలు ఊళ్లలో నూటికి 6, ఊళ్లోనే క్యాంపు పెడితే 18, టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేలూ ఇస్తే 39. టీకా విలువతో పోలిస్తే కిలో పప్పు ఏపాటిది? కానీ అది ఈ రోజే చేతికొస్తుంది.

7. ధర పెట్టకూడని చోట పుస్తకం మూసేయండి

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పసిపిల్లల కేంద్రాలు కొన్ని, సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టాయి. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "టీచరు ఎదురుచూస్తుంది, పాపం" అనుకునేవాళ్లు, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. జరిమానా తీసేశాక కూడా పాత మర్యాద తిరిగి రాలేదు. గ్నీజీ, రుస్తిచీనీ 2000లో ఇది రాశారు. అందుకే పిల్లలు అన్నం తిన్న పళ్లెం కడిగితే పది రూపాయలు ఇవ్వకండి. అత్తను ఆస్పత్రికి తీసుకెళ్లిన తమ్ముడికి పెట్రోలు లెక్కగట్టి ఇవ్వబోకండి, ఇంకోసారి ఆయన పెట్రోలు లెక్కే చూస్తాడు.

మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్లను చూడండి. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె. పోయినేడు కోరిక తీరినామె రొట్టె తెచ్చి పేరు పెట్టి పిలుస్తుంది, ఆ కోరిక ఉన్నామె చెయ్యి చాపుతుంది. ఇద్దరిదీ ఒక ఊరు కాదు, ఒక మతం కాకపోవచ్చు. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఒకరికొకరు సరిగ్గా దొరికే మార్పిడి అది, అందులో రూపాయి లేదు. ఒక ఏడు మా అమ్మ చదువు రొట్టె తీసుకుని కొంగులో పెట్టుకుంది. మరుసటి ఏడు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె మొహం నేను చూశాను. ఆ రొట్టెకు ధర కడితే ఆ మొహం ఉండదు.

8. సంక్రాంతి సెలవుల్లో పాత పేజీలు తిరగేయండి

ప్రతి నిర్ణయం కింద తేదీ, మీరు అనుకున్న అంకె రాసి ఉంచండి. ఏడాదికొకసారి దాని పక్కన నిజంగా జరిగింది వేరే రంగు పెన్నుతో రాయండి. ఫలితం మంచిదా కాదా అని కాదు, అంచనా ఎటువైపు తప్పిందో చూడండి. అయిదింట్లో ఒకటి అనుకున్న గుంటకు జబ్బొస్తే మీ లెక్క తప్పని కాదు, అలాంటివి పది పేజీలు పోగయ్యాక గానీ తేలదు.

నా పుస్తకంలో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఒకే చోట పడుతోంది. డబ్బు అంచనాలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి గానీ రోజుల అంచనాలన్నీ తక్కువే. పది రోజులన్న బోరు మరమ్మతు పదహారు పట్టింది, రెండు నెలలన్న ఇంటి స్లాబు మూడు పట్టింది. ఇప్పుడు రోజుల దగ్గర నేననుకున్నదానికి సగం కలిపి రాస్తున్నాను. మా తమ్ముడికి ఎర్ర గీతలు మేత దగ్గర పడుతున్నాయి.